వెయ్యి రూపాయల ఆనకట్ట

ముప్పై మూడేళ్ళు నీటిపారుదల శాఖలో పనిచేశాను. ఉద్యోగరీత్యా నా కాళ్ళు తడిసింది మాత్రం ఒక్క ఉప్పల్ ఆఫీసులోనే. రింగ్ రోడ్డుకు దగ్గరలో అద్దె భవనం, కింద సెల్లారు, ఆ సెల్లారులో మా రికార్డు గది. గంటసేపు గట్టిగా వాన పడితే రాష్ట్రంలో చెరువులు నిండినా నిండకపోయినా మా రికార్డు గది నిండేది. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, ప్రాజెక్టుల ఫైళ్ళు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేవాళ్ళం. నీళ్ళు తోడే మోటారు కొనడానికి నీటిపారుదల శాఖలో మాకు పద్దు లేదు. పక్కన బేరింగుల దుకాణం వాళ్ళ మోటారు అడిగి తెచ్చుకునేవాళ్ళం.

నాచారంలో మా వీధిలో ఉండే ఒక అమ్మాయికి ఈమధ్య మా శాఖలోనే అకౌంట్స్ ఉద్యోగం వచ్చింది. మిఠాయి డబ్బా తెచ్చి, "అంకుల్, ఆడ పనేముంటది?" అని అడిగింది. "లెక్కలమ్మా, ఇంకేముంటది" అని తప్పించుకున్నాను. ఆమె వెళ్ళాక సిగ్గనిపించింది. లెక్కలు మిషన్లు చేస్తాయి. మేం చేసింది వేరే. అదేమిటో ఆమెకూ, ఆమెలా కొత్తగా చేరేవాళ్ళకూ చెప్పాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, వాటివల్ల నేను నేర్చుకున్నదేమీ లేదు. నేర్చుకున్నది ఒక తప్పు వల్ల. ఆ తప్పు నాదే.

అడగడం, కోయడం

ప్రాజెక్టు దగ్గరుండే ఇంజినీరుకు పది కోట్లు కావాలంటే పాతిక అడుగుతాడు, మేం కోస్తామని అతనికి తెలుసు కనుక. అతను ఎక్కువ అడిగాడని మాకు తెలుసు కనుక మేం కోస్తాం. మేం కోసినట్టు నటించామని ఆర్థిక శాఖకు తెలుసు కనుక వాళ్ళు మళ్ళీ కోస్తారు. చివరికి వచ్చేది కావలసిందీ కాదు, అడిగిందీ కాదు. దీన్ని మేం బడ్జెట్ కసరత్తు అంటాం.

ఒక యేడు ఒక కుర్ర ఇంజినీరు తన కాలువకు ఎంత కావాలో అంతే రాసి పంపాడు. సిమెంటు బస్తాల దాకా లెక్క వేశాడు. మా సూపరింటెండింగ్ ఇంజినీరు, అంటే మా ఆఫీసుకు పెద్ద, రాజారాం గారు ఆ కాగితం చూసి కంగారుపడి అతన్ని పిలిపించారు.

"గింతే గావాల్నా?"

"అంతే సార్."

"మరి మేం కోసేదేందయ్యా?"

 అలవాటు ప్రకారం సగం కోశారు. అతను సగం కాలువ తవ్వాడు. అదీ చివరి సగం, ఎందుకంటే మొదటి సగానికి ఇంకా భూమి తీసుకోలేదు. నీళ్ళకూ ఆ కాలువకూ మధ్య మూడు మైళ్ళ కందిచేలు ఉండేవి. మరుసటి యేడు అతను మూడింతలు అడిగాడు. "ఇప్పుడు పని నేర్సిండు" అని రాజారాం గారు మెచ్చుకున్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. లంచం ముట్టుకోగా నేను చూడలేదు. కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు అని నమ్మిన మనిషి, అంతే. అలాంటి వాళ్ళతో జాగ్రత్తగా ఉండండి.

ఒకటి అనే అంకె

పద్దుల పుస్తకంలో అంకెలన్నీ వేలల్లో ఉంటాయి. కొన్ని ప్రాజెక్టుల పేరుకు ఎదురుగా ఒట్టి "1" అని ఉంటుంది. అంటే వెయ్యి రూపాయలు. వెయ్యి రూపాయలతో ఆనకట్ట కట్టడమేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వాను.

ఆ వెయ్యి ఖర్చుపెట్టడానికి కాదు. ప్రాజెక్టు పేరు పుస్తకంలో ఉండటానికి. పేరుంటే ఏడాది మధ్యలో అవసరం పడ్డప్పుడు దాని కింద డబ్బు విడుదల చేయవచ్చు. పేరు లేకపోతే కోట్లున్నా పైసా పోయలేం. గిన్నె లేకుండా పాలు పోసినట్టే. ఈ సంగతి నాకు మా సెక్షన్ సూపరింటెండెంట్ జబ్బార్ భాయ్ చేరిన మొదటి నెలలోనే చెప్పాడు.

"శంకర్ భాయ్, పెద్ద అంకెలల్ల ఎంత కోసుకుంటవో కోసుకో. గా ఒకటి మీద మాత్రం చెయ్యి పెట్టకు. గా ఒకటి మీద ఎవలు నిలవడ్డరో మనకెరుక లేదు."

విన్నాను. తలూపాను. పదిహేనేళ్ళు గుర్తుంచుకున్నాను కూడా.

నా శుభ్రత

ఒక యేడు బడ్జెట్ పూర్తిగా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని, పనికిరాని పద్దులు తీసేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా అప్పుడే జబ్బార్ భాయ్ మోకాలి ఆపరేషన్‌కు దవాఖానాలో చేరాడు. సెక్షన్ నా చేతిలో పడింది.

నాకు శుభ్రత పిచ్చి. ఇంట్లో చెప్పుల జతలు కూడా వరసగా ఉండాలి. వారం రోజులు కూర్చుని పద్దులన్నీ దులిపాను. అందులో "పెద్దమడుగు ప్రాజెక్టు, నిర్మాణం, 1" అని ఒక వరస దొరికింది. పాత పుస్తకాలు తిరగేస్తే పద్దెనిమిదేళ్ళుగా అదే ఒకటి. పద్దెనిమిదేళ్ళుగా వెయ్యి రూపాయలతో నిర్మాణమవుతున్న ఆనకట్ట ఉండదు గదా అనుకున్నాను. తీసేశాను. ఒక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది, చేయలేదు. నా తెలివి మీద నాకు అంత ధీమా.

రాజారాం గారు సంతోషించారు. మీటింగులో అందరి ముందు నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది. మా ఆవిడ దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంటే నేనే వద్దంటాను, అది చూసి నేను సిగ్గుపడటం అవసరమని.

కొమురయ్య

జూన్ నెలాఖరులో ఒక మనిషి వచ్చి మా సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నలభై దాటిన వయసు, అరచేతులు గట్టిపడి ఉన్నాయి. ఆనకట్ట మీద గేట్లు తిప్పే మనిషిని మా శాఖలో లష్కర్ అంటారు. అతను పెద్దమడుగు లష్కర్ కొమురయ్య.

"సారు, మూడు నెలల సంది జీతం వస్తలేదు. జిల్లా ఆఫీసుల అడిగితే డ్యామే లేదంటున్నరు, కంప్యూటర్ల."

నేను కంప్యూటర్ చూశాను. నిజమే, లేదు. ఎందుకు లేదో నాకు ఆ క్షణంలోనే తెలిసింది.

"లేదు కొమురయ్యా" అన్నాను.

"మరి నేను రోజు దేని మీద నిలవడి గేటు తిప్పుతున్న సారు?"

అప్పటికి జబ్బార్ భాయ్ కర్రతో డ్యూటీకి వస్తున్నాడు. అతను నా ముఖం వైపు ఒకసారి చూశాడు. తర్వాత కొమురయ్యను బయట వరండాలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించి సంగతంతా అడిగాడు. ఆనకట్ట కట్టడం పద్దెనిమిదేళ్ళ కిందటే అయిపోయింది. ఒక రైతు తన మూడు గుంటల పరిహారం కోసం కోర్టుకు వెళ్ళాడు, కేసు తేలలేదు. కేసు తేలందే ప్రాజెక్టు పూర్తయినట్టు రాయకూడదు. అందుకని కాగితం మీద అది ఎప్పటికీ నిర్మాణంలోనే ఉంది. నీళ్ళు నిండుతూనే ఉన్నాయి, పొలాలు పారుతూనే ఉన్నాయి. ఏటా ఆ "1" కిందే అటునుంచి ఇటునుంచి కొంత డబ్బు విడుదల చేసి కొమురయ్యకు జీతమిచ్చేవాళ్ళు. నేను ఆ ఒకటిని దులిపేశాను. చాయ్ అయ్యాక కొమురయ్య మళ్ళీ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"ఇంకొక్క సంగతి సారు. ఇరవై యేండ్లు నడుమ తెగకుండ చేస్తే పర్మనెంటు జేస్తరట, పింఛను గూడ వస్తదట. నాకింక రెండేండ్లే ఉన్నది. జర ఫికర్ జేసి సూడున్రి."

"చూస్తా" అన్నాను. ఆ వరస తీసేసింది నేనే అని చెప్పలేదు. నోటి దాకా వచ్చింది, మింగేశాను. నా కింద పనిచేసే ఇద్దరు గుమాస్తాలు వింటున్నారు. అదే కారణం. అంతకంటే గొప్ప కారణమేదీ లేదు.

లేని గేట్లు

తీసేసిన పద్దును ఏడాది మధ్యలో మళ్ళీ పెట్టే దారి నియమాల్లో లేదు. కొత్త ప్రాజెక్టుగా ప్రతిపాదించడమొక్కటే మార్గం. రాజారాం గారు అలాగే పంపారు. ఆ కాగితాలు తిరుగుతుండగానే ఆగస్టు వచ్చింది.

ఒకరోజు ఉదయం పదింటికి కొమురయ్య ఫోన్ చేశాడు. రాజారాం గారు స్పీకర్ పెట్టి మాట్లాడారు, నేను ఎదురుగా ఉన్నాను.

"మీది నుంచి మస్తు నీళ్ళొస్తున్నయి సారు. గేట్లెత్తకుంటే కట్ట ఆగదు. కింద రెండూళ్ళున్నయి. ఎత్తాల్నంటే పై నుంచి ఆర్డర్ గావాలె గద, ఎవలిస్తరు?"

రాజారాం గారికి చెమటలు పట్టాయి. "లేని డ్యాంకు గేట్లెత్తమని నేనెట్ల ఆర్డరిస్తనయ్యా? రేపు ఆడిట్ల నన్నడుగుతరు."

నీళ్ళ హోరు మీదుగా కొమురయ్య గొంతు వినిపించింది.

"సరే సారు. లేని గేట్లే గద. నేనే ఎత్తుకుంట తియ్యిన్రి."

మోటారుకు డీజిల్ లేదు, కొనడానికి పద్దు లేదు. అతనూ అతని భార్యా కలిసి సాయంత్రం దాకా చేతుల్తో హ్యాండిల్ తిప్పి ఐదు గేట్లూ ఎత్తారు. రెండూళ్ళూ నిలిచాయి. ఒక్క మేక కూడా పోలేదు. జిల్లా నుంచి వచ్చిన వరద నివేదికలో ఆ మండలానికి ఎదురుగా "నష్టం లేదు" అని ఉంది. అది చదివి నేను బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. బయటికి వచ్చి మళ్ళీ నా పని చేసుకున్నాను.

ఆక్రమణ

కొత్త ప్రాజెక్టు కట్టాలంటే ముందు స్థలం పనికొస్తుందో లేదో చూడాలి. సెప్టెంబరులో తనిఖీ బృందం పెద్దమడుగు వెళ్ళింది. వాళ్ళ నివేదిక నేను కళ్ళతో చదివాను. "రెండు గుట్టల మధ్య స్థలం ఆనకట్టకు మిక్కిలి అనుకూలం. అయితే ప్రతిపాదిత స్థలంలో ఇప్పటికే ఒక ఆనకట్ట అడ్డుగా ఉన్నది."

దాన్ని అలాగే ఆర్థిక శాఖకు పంపాం. వాళ్ళు ఆలోచించి నవంబరులో జవాబిచ్చారు. ప్రభుత్వ స్థలంలో ఎవరో అనుమతి లేకుండా కట్టడం కట్టినట్టుంది, ముందు ఆ ఆక్రమణ తొలగించి ఆ తర్వాత ప్రతిపాదన మళ్ళీ పంపండి అని.

"మన డ్యాంనే సార్ అది, మనమే కట్టినం" అన్నాను రాజారాం గారితో.

"కాగితమేదయ్యా?"

కాగితాలు సెల్లారులో ఉండేవి. రెండు వానాకాలాల కిందట అవి ముద్దయిపోయాయి. దాంతో రాజారాం గారు నియమం ప్రకారం ఆక్రమణదారుకు నోటీసు పంపారు. తనిఖీలో ఆ కట్టడం మీద నివసిస్తూ కనిపించిన మనిషి ఒక్కడే కనుక నోటీసు కొమురయ్య పేరున వెళ్ళింది. పదిహేను రోజుల్లోగా సొంత ఖర్చుతో ఆనకట్టను తొలగించాలి, లేదంటే చర్య తీసుకోబడును.

కొమురయ్య నోటీసు పట్టుకుని మళ్ళీ ఉప్పల్ వచ్చాడు. కోపంగా లేడు. నిజంగా భయపడి ఉన్నాడు.

"సారు, నేనొక్కన్ని. గడ్డపార ఒక్కటున్నది. పదిహేను రోజులల్ల అయితదా ఇది?"

కూల్చివేత

జబ్బార్ భాయ్ ఆ నోటీసు రెండుసార్లు చదివాడు. తర్వాత అంత పెద్ద ఆఫీసులో అతనొక్కడే నవ్వాడు.

"అరె భాయ్, దారి వాళ్ళే చూపెట్టిన్రు గద. డ్యాం కూలగొట్టాల్నంటే పైసలు గావాలె. పైసలు గావాల్నంటే పద్దు గావాలె. కూలగొట్టమన్నది ఆర్థిక శాఖనే. ఇప్పుడు పద్దు ఎట్ల ఇయ్యరు?"

నోటీసుకు కొమురయ్య తరఫున జవాబు జబ్బార్ భాయే రాశాడు. ఆక్రమణ నాది కాదు, తొలగించే స్తోమత నాకు లేదు, ప్రభుత్వమే తొలగించుకోవలసింది అని. దాని మీద మేం ప్రతిపాదన పెట్టాం. కూల్చేదాకా గేట్లు ఎత్తి దింపుతూ కాపలా ఉండటానికి ఒక మనిషి కావాలని అందులో చేర్చాం. ఆర్థిక శాఖ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ తర్వాతి బడ్జెట్ పుస్తకంలో కొత్త వరస అచ్చయింది. "పెద్దమడుగు వద్ద అక్రమ కట్టడం తొలగింపు, 1."

విడుదల ఉత్తర్వు వచ్చాక, జూన్ నుంచి కొమురయ్యకు జీతం మళ్ళీ మొదలైంది. ఆనకట్టను కాపాడినందుకు కాదు, కూలుస్తున్నందుకు. ఏటా పురోగతి నివేదిక అడుగుతారు. మొదటి యేడు పిట్టగోడ నుంచి ఒక రాయి ఊడిపడిందని రాజారాం గారు "రెండు శాతం" అని రాశారు. మరుసటి యేడు నాలుగు. ఆ లెక్కన పెద్దమడుగుకు ఇంకా నలభై ఎనిమిదేళ్ళ ఆయుష్షు ఉండేది, మేం సవ్యంగా కట్టిన చాలా వాటికంటే ఎక్కువ. ఆ మధ్య గేట్లకు రంగులు కూడా వేయించాం, కూల్చివేత పద్దు కిందే.

కొత్తగా చేరేవాళ్ళు ఇది చదివి జబ్బార్ భాయ్‌లాంటి తెలివి కావాలనుకుంటారు. కావాల్సిందే. కానీ ఆ తెలివి అవసరమైంది ఒక తెలివితక్కువ పని వల్ల అని కూడా గుర్తుంచుకోండి.

పద్నాలుగు నెలలు

ఇక్కడితో ఆపితే ఇది నవ్వుకునే కథ. ఆపితే నాకూ హాయే.

పద్దు తీసేసిన ఏప్రిల్ నుంచి జీతం మళ్ళీ మొదలైన జూన్ దాకా పద్నాలుగు నెలలు. ఆ కాలం జీతం ఇప్పించాలని, సర్వీసు తెగకుండా చూడాలని కొమురయ్య పెట్టుకున్న దరఖాస్తు తిరిగి తిరిగి నా టేబుల్ మీదికే వచ్చింది. అతను పనిచేశాడని రాస్తే ఆనకట్ట ఉన్నట్టు. ఉంటే పద్దు ఎందుకు లేదని అడుగుతారు. ఎవరు తీసేశారని అడుగుతారు. అప్పటికి నాకు శాఖలో శ్రద్ధగల మనిషినని పేరుంది.

నేను రాసిన వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు. "సదరు కాలంలో సదరు ప్రాజెక్టు పద్దులలో లేనందున, అందు ఉద్యోగి పనిచేయు ప్రశ్న ఉత్పన్నం కాదు." సంతకం పెట్టి పంపాను. నా ఉద్యోగంలో నేను చేసిన నీచమైన పని అదే. పద్దు తీసేయడం పొరపాటు. ఇది పొరపాటు కాదు.

నేను రిటైరయ్యాను, పింఛను వస్తోంది. కొమురయ్య పోయిన యేడు పని మానేశాడు. నడుమ తెగింది కనుక పర్మనెంటు కాలేదు, పింఛను లేదు. ఇప్పుడు అన్నోజిగూడలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కోర్టులో కేసు వేశాడు. పోయిన నెల నాచారంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో లాయరు రాసిచ్చిన అఫిడవిట్. ఆ పద్దును ఏ విచారణా లేకుండా నేను తొలగించానని, ఆనకట్ట అప్పుడూ ఉన్నదని, ఈ మనిషి అక్కడ పనిచేశాడని. కింద నా సంతకం కావాలి. లాయరు ఇదంతా ఫైళ్ళు తీయించి తెలుసుకున్నాడనుకున్నాను.

"రెండు రోజులాగి రా" అన్నాను.

రాజారాం గారికి ఫోన్ చేశాను. "నీకేమన్న పిచ్చా? నీ పింఛను మీదికి తెచ్చుకుంటవ్. శాఖ నీ మీద విచారణ బెడ్తది" అన్నారు. నిజమే. మా ఆవిడకు బీపీ మందులు, నాకు షుగర్ మందులు, అన్నీ ఆ పింఛనులోనే. మా ఆవిడతో మొత్తం చెప్పాను, మొదటిసారి. ఆమె నా షుగర్ మాత్ర, నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. తర్వాత, "ఆయన గేట్లెత్తే ముందు రెండ్రోజులు ఆలోచించిండా?" అంది.

మూడోరోజు పొద్దున కొమురయ్య వచ్చాడు. చాయ్ ఇచ్చాం. నేను అఫిడవిట్ మీద సంతకం పెట్టాను.  అతను కాగితం తీసుకుని, చదవడం అంతగా రాదు కనుక, అక్షరాల వైపు చూస్తూ అడిగాడు.

"సారు, ఇందుల డ్యాం ఉన్నట్టేనా?"

"ఉన్నది కొమురయ్యా. ఎప్పుడూ ఉన్నది. నేనే తీసేసిన."

అతను కాగితాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నాకెరుకే సారు. జబ్బార్ సారు మొదటి దినమే చెప్పిండు, చాయ్ తాగేటప్పుడు. మీ నోటెంబడి ఎప్పుడొస్తదా అని సూసిన."